తుత్తురుబెండ: పెరటిలో ఉంచాలా, పీకివేయాలా? గుర్తింపు, ఉపయోగాలు, పెంపకం

పెరటితోట (నరసరావుపేట)

అందరికీ నమస్కారం. మా ప్రహరీ గోడ పక్కన ఎవరూ నాటకుండానే మొలిచిన ఒక పొద ఇప్పుడు నడుము ఎత్తు దాటింది. ఆకులు హృదయాకారంలో, అంచుల వెంట సన్నని నొక్కులతో, ముట్టుకుంటే మఖమలు వలె మెత్తగా ఉన్నాయి. పసుపు రంగు పూలు రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దవి. ఉదయం నీళ్లు పోసేటప్పుడు ఒక్క పువ్వు కూడా విచ్చుకొని కనిపించదు. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లి చూస్తే కొమ్మ కొమ్మకూ విరిసి ఉంటాయి. కాయలు గుండ్రంగా, నిలువు గాడులతో, పైభాగం చదునుగా ఉండి, ఎండినప్పుడు నల్లబడుతున్నాయి.

మా అత్తగారు దీనిని తుత్తురుబెండ అంటారు. చిన్నతనంలో పచ్చికాయను సిరాలో అద్ది అరచేతుల మీద ముద్రలు వేసుకునేవారమని కూడా చెప్పారు. కొందరు ఇదే అతిబల అనీ, మంచి ఔషధమనీ అంటున్నారు. మా వీధిలో ఉండే ఒక పత్తి రైతు మాత్రం దీనిని చూసిన వెంటనే పీకివేయమన్నారు. పూలు ఎంతో అందంగా ఉన్నందువల్ల నాకు తీసివేయాలని లేదు, అలాగని ఎవరి పంటకూ చేటు చేయాలనీ లేదు. ఇది నిజంగా అతిబలయేనా? ఇంట్లో పెంచవచ్చునా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరని మనవి.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు (హనుమకొండ)

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది అబుటిలాన్ ఇండికమ్ కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. పత్తి, బెండ, గోగు, మందార, గంగరావి ఉన్న మాల్వేసీ కుటుంబానికే ఇది చెందుతుంది. లిన్నేయస్ దీనికి సైడా ఇండికా అని పేరు పెట్టగా, 1826లో రాబర్ట్ స్వీట్ అబుటిలాన్ ప్రజాతిలోకి మార్చారు. మన ప్రాంతంలో తుత్తురుబెండ, దువ్వెనకాయల చెట్టు, ముద్రబెండ అనే పేర్లన్నీ దీనికి వాడుకలో ఉన్నాయి. అయితే పల్లెల్లో ఒకే పేరుతో రెండు మూడు మొక్కలను పిలవడం మామూలే కాబట్టి, ఔషధంగా వాడాలనుకునే వారు పేరును కాక మొక్క భాగాలను చూసి నిర్ధారించుకోవాలి.

ముందుగా ఒక పువ్వును తిరగేసి చూడండి. మందార, పత్తి, బెండ పూలలో పచ్చని రక్షక పత్రాలకు వెలుపల సన్నని పత్రాలతో మరో వరుస ఉంటుంది. తుత్తురుబెండలో ఆ వెలుపలి వరుస ఉండదు, అయిదు రక్షక పత్రాలు మాత్రమే కనిపిస్తాయి. తరువాత పూకాడను గమనించండి. పువ్వుకు కొంచెం దిగువన దానిపై ఒక చిన్న కణుపు ఉంటుంది. వాడిన పువ్వు సాధారణంగా అక్కడే తెగి రాలుతుంది. ఎండిన కాయను వేళ్లతో విడదీస్తే చంద్రవంక ఆకారపు ముక్కలుగా ఊడి వస్తుంది. ఈ ముక్కలు ఒక్కొక్క కాయకు పదకొండు నుండి ఇరవై వరకు ఉంటాయి, ప్రతి ముక్క కొసన ఒక పొట్టి మొన ఉంటుంది, లోపల రెండు మూడు గింజలు ఉంటాయి. గింజలు ముదురు గోధుమ రంగులో, మూత్రపిండం ఆకారంలో ఉంటాయి.

దీనితో పొరబడే అవకాశం ఉన్న మొక్కలు కనీసం మూడు మన చుట్టూ ఉన్నాయి. అబుటిలాన్ హిర్టమ్ అనే దగ్గరి బంధువుకు పువ్వు మధ్యలో ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది, దాని కాండం మీది పొడవైన నూగు చేతికి జిగురుగా తగులుతుంది. హెరిసాంటియా క్రిస్పా అనే నేలవాలు మొక్కకు లేత పసుపు లేదా తెలుపు చిన్న పూలు, కాగితమంత పలుచని ఉబ్బిన కాయలు ఉంటాయి. ఒకసారి కాయను నొక్కి చూసిన వారు దానిని మరి మరచిపోరు. ఇక మూడవది, అన్నిటికంటే జాగ్రత్త పడవలసినది, సైడా కార్డిఫోలియా. దీనిని చిరుబెండ, ముత్తవపులగం అంటారు. సంస్కృతంలో బల అని పేరున్నది దీనికే. దీని పూలు మీరు చెప్పిన వాటికంటే చిన్నవి, కాయలోని ముక్కలు సుమారు పది, ప్రతి ముక్కకూ రెండు ముళ్లు ఉండి బట్టలకు అంటుకుంటాయి. కాయ ముక్కలో ఒక్క గింజే ఉంటే సైడా అనీ, రెండు మూడు ఉంటే అబుటిలాన్ అనీ మా విద్యార్థులకు మొదట చెబుతాము.

ఇదే ప్రజాతికి చెందిన అబుటిలాన్ థియోఫ్రాస్టీని చైనాలో జనుము వంటి నార కోసం తరతరాలుగా పండించారు. నార కోసమే అమెరికాకు తీసుకువెళ్లగా అక్కడ మొక్కజొన్న, సోయా పొలాలలో మొండి కలుపుగా మారింది. దాని గింజలు నేలలో అర్ధ శతాబ్దం పాటు కూడా మొలకెత్తే శక్తితో పడి ఉంటాయి. మన తుత్తురుబెండ కాండం నుండి కూడా నార వస్తుంది. దీని గింజలు కూడా మొండివే కాబట్టి, పెంచేవారు ఆ విషయాన్ని మొదటి రోజు నుండే మనసులో ఉంచుకోవాలి.

పల్నాటి పత్తిరైతు

అమ్మా, మీ వీధి రైతు చెప్పిన మాటలో పస ఉంది. మా గట్ల మీద తుత్తురుబెండ కనిపిస్తే కాయ ముదరకముందే వేరుతో సహా తీసివేస్తాము. దీని మీద మాకు పగ ఏమీ లేదు. పత్తి లేని నెలల్లో పత్తి పురుగులను బతికించి పెట్టేది ఇదేనన్నదే మా బాధ.

2005–2007 ప్రాంతంలో గుజరాత్, పంజాబ్ పత్తి పొలాల్లో పిండినల్లి విరుచుకుపడిన సంగతి వ్యవసాయంలో ఉన్న వారందరికీ గుర్తుండే ఉంటుంది. ఫినకాకస్ సోలెనాప్సిస్ అనే ఆ పిండినల్లి పత్తి మీదే కాక తుత్తురుబెండ, వయ్యారిభామ, బెండ, మందార, ఇంకా ఎన్నో మొక్కల మీద బతుకుతుంది. సంక్రాంతి దాటి పత్తి కట్టె పీకివేశాక అది గట్ల మీది ఈ పొదల్లోకి చేరుతుంది, ఎండాకాలమంతా అక్కడే పిల్లలు పెట్టి, తొలకరికి వేసిన కొత్త పత్తి నాలుగు ఆకులు తొడగగానే దిగివస్తుంది. చేనులో ఎప్పుడూ గట్టు వైపు సాళ్లే మొదట తెల్లబడతాయి. ఆ సాళ్ల పక్కన గట్టు మీద వెదికితే తుత్తురుబెండో వయ్యారిభామో తప్పక కనిపిస్తుంది.

పిండినల్లి ఒక్కటే కాదు. మచ్చల కాయతొలుచు పురుగు, ఆకుచుట్టు పురుగు, కాయల మీద గుంపులుగా తిరిగే ఎర్ర పురుగులు, తెల్లదోమ, ఇవన్నీ పత్తికీ తుత్తురుబెండకూ ఉమ్మడివే. మా చుట్టుపక్కల వ్యవసాయాధికారులు రైతులకు ఇచ్చే సూచనల్లో పొలం గట్ల మీద తుత్తురుబెండ తీసివేయమన్నది ఏటా ఉండే మాటే. మీ ఇంటికి పత్తి చేను ఎంత దూరం? మీ ఇంట్లో బెండ, మందార ఉన్నాయా? ఈ రెండు విషయాలు తెలిస్తే ఉంచాలో తీయాలో చెప్పవచ్చు.

పెరటితోట (నరసరావుపేట)

మాస్టారూ, మీరు చెప్పినట్లే పువ్వును తిరగేసి చూశాను. అయిదు రక్షక పత్రాలే ఉన్నాయి, వెలుపల మరో వరుస లేదు. పూకాడ మీద కణుపు స్పష్టంగా కనిపించింది, అక్కడ గోటితో తాకగానే పువ్వు ఊడి వచ్చింది. ఎండిన కాయను తెల్ల కాగితం మీద విడదీస్తే పద్దెనిమిది ముక్కలు వచ్చాయి, ఒక్కొక్క దానిలో మూడేసి గింజలు ఉన్నాయి. పువ్వు మధ్యలో ఎర్ర మచ్చ లేదు.

రైతు గారూ, మా ఇల్లు ఊరి నడుమ ఉంది. ఊరి చివర చేలు మొదలవడానికి రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అయితే పెరటిలోనే ముద్దమందారం ఒకటి ఉంది, వానాకాలంలో నాలుగు బెండ మొక్కలు కూడా వేస్తాము.

ఆయుర్వేద వైద్యురాలు (తిరుపతి)

అధ్యాపకుల వారు బల గురించి చేసిన హెచ్చరికను నేను కూడా గట్టిగా సమర్థిస్తున్నాను. మా శాస్త్రంలో బల, అతిబల, మహాబల, నాగబల అని నాలుగింటిని కలిపి బలాచతుష్టయంగా చెబుతారు. భావప్రకాశ నిఘంటువులో వీటి వర్ణన ఉంది. వాడుకలో అతిబల అంటే ఎక్కువమంది వైద్యులు తుత్తురుబెండనే గ్రహిస్తారు. కానీ ఎండు మూలికల అంగట్లో ఈ నాలుగింటి వేర్లు ఒకదాని స్థానంలో మరొకటి అమ్ముడవడం కొత్త కాదు. క్షీరబలా తైలంలో వాడేది బల వేరు, అతిబల కాదు. బలలో స్వల్పంగా ఎఫిడ్రిన్ ఉంటుంది, ఇది గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచే పదార్థం. ఎఫిడ్రిన్ జాతి పదార్థాలున్న ఆహార పూరకాలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో నిషేధించింది. కాబట్టి రక్తపోటు ఉన్నవారు పెరటి మొక్క కదా అని గుర్తింపు లేకుండా పొడి చేసుకొని తాగడం ప్రమాదం.

తుత్తురుబెండ విషయానికి వస్తే, దీని ఆకుల్లో బెండకాయలో ఉన్నటువంటి జిగురు పుష్కలంగా ఉంటుంది, సంప్రదాయ వాడుకలలో చాలా భాగం ఆ జిగురు మీదే ఆధారపడినవి. లేత ఆకులను కొద్దిగా ఆముదం రాసి వెచ్చజేసి వాపుల మీద కట్టడం, ఆకుల కషాయంతో పంటినొప్పికి, చిగుళ్ల వాపుకు పుక్కిలించడం, గింజలను మృదు విరేచనానికి వాడడం, వేరు కషాయాన్ని మూత్రంలో మంటకు ఇవ్వడం వైద్య సంప్రదాయంలో ఉన్నవి. తమిళనాట సిద్ధ వైద్యులు దీనిని తుత్తి అంటారు, మూలవ్యాధికి వారి మొదటి మూలికల్లో ఇది ఒకటి.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. మలంలో రక్తం పడుతున్నదంటే అది మొలలే అని ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోకూడదు. పెద్దపేగులో గడ్డలకు కూడా అదే లక్షణం కావచ్చు కాబట్టి, ముందు వైద్యుడికి చూపించిన తరువాతే ఆకు గురించి ఆలోచించాలి. అలాగే జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో ఈ ఆకు సారం రక్తంలో చక్కెరను తగ్గించినట్లు తేలింది. ఆ వార్తలు చదివి మధుమేహానికి మాత్రలు మానివేసి ఆకు రసం తాగేవారు ఎదురవుతున్నారు. మాత్రలతో కలిపి తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు, మాత్రలు మానివేస్తే పెరిగిపోవచ్చు. రెండూ హానికరమే. గర్భిణులు దీనిని కడుపులోకి తీసుకోకుండా ఉండడమే మేలు.

మదరాసు తెలుగింటి కోడలు

డాక్టర్ గారు తుత్తి అన్న పేరు చెప్పగానే రాయాలనిపించింది. చెన్నైలో ఆకుకూరలమ్మే వాళ్ల దగ్గర తుత్తి కీరై కట్టలు అప్పుడప్పుడు దొరుకుతాయి. మేము లేత ఆకులు మాత్రమే ఏరి, సన్నగా తరిగి, చిన్న ఉల్లిపాయలు, పెసరపప్పు వేసి వండుతాము. ఆకు మీది నూగు నోటికి తగలకుండా ఉండాలంటే రెండు మూడు నీళ్లలో కడగాలి, పప్పు సగం ఉడికాక వేయాలి. ముదురు ఆకు ఎంత ఉడికించినా గరుకు పోదు. ఉడికిన తరువాత బచ్చలి మాదిరి కొంచెం జారుగా ఉంటుంది, చింతపండు పులుసు కొద్దిగా తగిలితే ఆ జారు తగ్గుతుంది. రోడ్డు పక్క పొదల నుండి మాత్రం కోయకండి. అక్కడ కలుపు మందులు చల్లుతారు, వాహనాల దుమ్ము ఆ నూగులో పట్టుకొని ఎంత కడిగినా వదలదు.

కడియం నర్సరీ పెంపకందారు

మొక్క ఏదో తేలింది కాబట్టి పెంపకం గురించి రాస్తాను. నర్సరీలో అలంకరణ మొక్కలకే గిరాకీ ఎక్కువ అయినా, మూలికా వనాలు వేసే వారి కోసం తుత్తురుబెండ నారు పెంచుతాము.

ఇది ఎండను కోరే మొక్క. నీడలో సాగిపోయి, కాండం సన్నబడి, పూలు తగ్గుతాయి. ఎర్రనేల, ఇసుక నేల, నల్లరేగడి ఏదైనా సరిపోతుంది గాని నీరు నిలవకూడదు. కుండీలో అయితే కనీసం పన్నెండు అంగుళాల కుండీ తీసుకొని, ఎర్రమట్టికి మూడో వంతు ఇసుక, మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలపండి. యూరియా వేయవద్దు. వేస్తే ఆకులు లేతగా, పెద్దగా వచ్చి చూడడానికి బాగుంటాయి కాని, రసం పీల్చే పురుగులకు అవే విందు.

గింజలు నేరుగా చల్లితే కొన్ని మొలుస్తాయి, ఎక్కువ భాగం అలాగే పడి ఉంటాయి. గింజ పై తోలు నీటిని లోపలికి రానివ్వకపోవడమే దానికి కారణం. అందుకు తేలికైన మార్గం, గింజలను రెండు శాండ్‌పేపరు ముక్కల మధ్య పెట్టి మెరుపు పోయేవరకు మెల్లగా రుద్దడం. లేదా నీటిని మరిగించి దించి, పొంగు పూర్తిగా అణగిన తరువాత గింజల మీద పోసి, రాత్రంతా అలాగే చల్లారనివ్వాలి. తెల్లవారి చూస్తే కొన్ని గింజలు రెట్టింపు ఉబ్బి ఉంటాయి, కొన్ని మునుపటి లాగే గట్టిగా ఉంటాయి. ఉబ్బినవి వెంటనే విత్తుకోవాలి. ఉబ్బని వాటికి మళ్లీ వేడినీళ్లు పోయాలి. సెంటీమీటరు లోతు కంటే దిగువకు వేయవద్దు. తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో మొలక వస్తుంది.

తల్లివేరు త్వరగా దిగే మొక్క కాబట్టి ముదిరిన నారు పీకి నాటితే చాలావరకు వాడిపోతుంది. నాలుగైదు ఆకులప్పుడే, మట్టి ముద్ద చెదరకుండా, సాయంత్రం చల్లబడిన తరువాత నాటండి. మొక్కకు మొక్కకు రెండున్నర నుండి మూడు అడుగులు ఉండాలి. జూన్, జూలైలో తొలి వానలకు వేయడం మంచిది. నిలదొక్కుకున్న తరువాత వారానికి ఒకసారి నీరు చాలు, నేలలో వేసినది అంతకంటే తక్కువతోనూ బతుకుతుంది. పూత ఏడాది పొడవునా కొద్దో గొప్పో ఉంటుంది కాని వానలు వెనుకబట్టిన తరువాత, అంటే సెప్టెంబరు నుండి చలికాలం చివరి దాకా నిండుగా వస్తుంది.

పూత తగ్గాక, ఫిబ్రవరిలో, మోకాలి ఎత్తుకు కత్తిరిస్తే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. కత్తిరించకుండా వదిలితే అడుగు భాగం బోసిపోయి, పైన నాలుగు ఆకులతో కట్టెగా మిగులుతుంది. ఎంత బాగా చూసినా రెండు మూడేళ్లకు మొక్క ముసలిదవుతుంది, అప్పుడు కొత్త నారు వేసుకోవడమే ఉత్తమం. కొమ్మలతో కూడా వస్తుంది గాని గింజతో వచ్చినంత బలంగా ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, కాయలు నల్లబడి విచ్చుకోకముందే కోసివేయడం. లేకపోతే వచ్చే ఏడాది పెరడంతా, పక్కింటి పెరడు కూడా తుత్తురుబెండే అవుతుంది.

పురుగు కనిపిస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా సబ్బు నీరు చేర్చి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా పిచికారీ చేయండి.

సీతాకోకల పరిశీలకుడు (హైదరాబాదు)

కడియం వారి సూచనలన్నీ ఎంతో విలువైనవి. ఒక్క విషయంలో మాత్రం చిన్న మార్పు సూచిస్తాను. తేనెటీగలకు హాని కలగకుండా సాయంత్రం పిచికారీ చేయడం చాలా పంటలకు సరైన పద్ధతే. అయితే ఈ మొక్క పూలు విచ్చుకునేదే మధ్యాహ్నం దాటిన తరువాత. నాలుగు, అయిదు గంటల వేళ ఈ పొద దగ్గర నిలబడితే చిన్న తేనెటీగలు, గుంపు కట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగలు కేసరాల గుత్తి మీద పుప్పొడి పూసుకుంటూ తిరగడం చూడవచ్చు. కాబట్టి తుత్తురుబెండకు మాత్రం తెల్లవారగానే, పూలన్నీ ముడుచుకొని ఉన్న సమయంలో పిచికారీ చేయాలి.

ఇంకొక విన్నపం. ఆకులు మడత పడి ఉండగానే పురుగు అని మందు చల్లవద్దు. గోమాలియా ఎల్మా అనే చిన్న గోధుమ మచ్చల సీతాకోక గొంగళి ఆహారం ఈ అబుటిలాన్ ఆకులే. అది ఆకు అంచును పట్టుదారంతో మడిచి లోపల దాక్కుంటుంది. పత్తి మీద వచ్చే ఆకుచుట్టు పురుగు ఆకును పొడవునా గొట్టంలా చుట్టి, లోపల నల్లని మలం గుళికలు నింపుతుంది. ఊరి నడుమ ఉన్న పెరటిలో ఒక పొద మీద నాలుగు ఆకులు చిల్లులు పడినంత మాత్రాన నష్టం లేదు. నగరంలో ఖాళీ స్థలాలన్నీ కాంక్రీటు అవుతున్న కొద్దీ ఇటువంటి నాటు మొక్కల మీద ఆధారపడిన జీవులు కనుమరుగవుతున్నాయి, ఆ సంగతి నన్ను నిజంగా కలవరపెడుతుంది. అలంకరణ మొక్కల కుండీలలో వాటికి తిండి దొరకదు.

పల్నాటి పత్తిరైతు

సీతాకోకల వారి మాట కాదనను, కాని చేనులో మాకు ఆ తీరిక ఉండదు. ఆకుచుట్టు పురుగో సీతాకోక గొంగళో విడదీసి చూసేలోగా పంట పోతుంది. గట్టు మీద ఉన్నది తీయవలసిందే, దానిలో నా మాట మారదు.

అమ్మా, మీ ఇంటి సంగతి వేరు. చేను రెండు కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి ఒక పొద ఉంచుకోండి. పిండినల్లికి రెక్కలుండేది మగవాటికి మాత్రమే; పిల్ల పురుగులు గాలికి, చీమల వెంట, మనుషుల బట్టలకు, పారే నీటికి పట్టుకొని కదులుతాయి. మీ పెరటి నుండి మా చేనుకు అంత సులువుగా రావు. కానీ మీ మందారానికి, బెండకు వస్తాయి. అందుకని ఆ రెండింటికీ వీలైనంత దూరంగా, పెరటికి మరో మూలన ఉంచండి. పొద కాండం మీద చీమల బారు కనిపిస్తే అదే మొదటి గుర్తు, చీమలు ఊరికే ఎక్కవు, పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం ఎక్కుతాయి. వెంటనే చిగుళ్లను, ఆకుల అడుగును, కొమ్మ చీలికలను చూడండి. దూది అంటినట్లు తెల్లగా ఉంటే ఆ కొమ్మను కోసి సంచిలో మూట కట్టి ఎండలో పడేయండి. పెంటపోగులో వేయవద్దు, అక్కడి నుండి మళ్లీ పాకుతాయి. మీ ఇంటికి వచ్చిన చుట్టాలు పొలం ఉన్నవారైతే ఆ కొమ్మలు పట్టుకొని వెళ్లకుండా చూడండి.

మందు కొట్టే ముందు ఇంకొకటి చూడాలి. పిండినల్లి గుంపులో కొన్ని తెల్లపొడి పోయి, గోధుమ రంగులో, గట్టిగా ఉబ్బి ఉంటే అవి చచ్చినవి. ఏనాసియస్ అనే చిన్న కందిరీగ వాటిలో గుడ్డు పెట్టింది. ఆ కందిరీగే ఈ దేశంలో పత్తి రైతును పిండినల్లి నుండి చాలావరకు ఆదుకుంది. అటువంటి గోధుమ రంగువి సగానికి పైగా కనిపిస్తే మందు కొట్టవద్దు, దాని పని దానిని చేయనివ్వండి.

కాలిఫోర్నియా తెలుగువాడు

గింజల తోలు గురించి చదువుతుంటే ఇక్కడి ఒక బంధువు మొక్క గుర్తుకు వచ్చింది. కాలిఫోర్నియా కొండవాలు పొదల్లో మాలకోథామ్నస్ ఫాసిక్యులాటస్ అనే మాల్వేసీ పొద పెరుగుతుంది. లేత గులాబీ పూలు, బూడిద రంగు నూగుతో ఆకులు, రెండు మీటర్ల పైబడిన ఎత్తు. దీని గింజలు కూడా నేలలో ఏళ్ల తరబడి ఊరికే ఉండి, కార్చిచ్చు వేడికి తోలు పగిలిన తరువాత ఒక్కసారిగా మొలుస్తాయి. కాలిన కొండ మీద మొదట కనిపించే పచ్చదనంలో ఇది ఒకటి. తోటల్లో వేసేవారు గింజలకు వేడినీళ్లే పోస్తారు. ఎండాకాలంలో నీరు దాదాపుగా అక్కరలేదు కాని, నేల లోపలి కాండాలతో పక్కలకు పాకుతుంది కాబట్టి చిన్న పెరటికి తగదు. ఈ జాతిలోనే శాంటా క్రూజ్ దీవిలో మాత్రమే పెరిగే ఒక రకాన్ని, అక్కడి గొర్రెలు మేసివేయగా గుప్పెడు మొక్కలు మిగిలిన స్థితిలో, 1997లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు (హనుమకొండ)

మంచి పోలిక చెప్పారు. మన తుత్తురుబెండ గింజలు కూడా గడ్డి కాలిన బీళ్లలో, పశువుల కొట్టాల పక్కన, తవ్వి పోసిన మట్టిలో గుంపులుగా మొలవడం వెనుక గింజ తోలు దెబ్బతినడమే ఉంది. నేల కదిలిన చోట ఇది వస్తుంది, నేల కదలని చోట మరుగున ఉంటుంది. ప్రహరీ గోడ పక్కన మొలవడానికి కూడా గోడ కట్టినప్పుడు తవ్విన మట్టే కారణమై ఉండవచ్చు.

పెరటితోట గారూ, పువ్వు మధ్యలో మచ్చ లేకపోవడం, కాయకు పద్దెనిమిది ముక్కలు ఉండడం, ముక్కకు మూడు గింజలు ఉండడం, ఇవన్నీ కలిపితే ఇది అబుటిలాన్ ఇండికమేనని చెప్పవచ్చు.

ఆయుర్వేద వైద్యురాలు (తిరుపతి)

మొక్క నిర్ధారణ అయింది కాబట్టి ఒక చిన్న జోడింపు. పైపూతకు ఆకు కోసేటప్పుడు మధ్య వయసు ఆకును, ఉదయం మంచు ఆరిన తరువాత కోయండి. నూగు కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది కాబట్టి మొదట ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి చూసిన తరువాతే కట్టు కట్టాలి. పగిలిన పుండు మీద, చీము పట్టిన గాయం మీద ఏ పచ్చి ఆకూ పెట్టవద్దు. వేపనూనె చల్లిన ఆకులను కనీసం వారం పాటు వంటకు గాని మందుకు గాని వాడకండి.

పెరటితోట (నరసరావుపేట)

ఇంత శ్రద్ధగా వివరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతం ఉన్న పొద మందారానికి ఆరడుగుల దూరంలోనే ఉంది. ముదిరిన మొక్కను కదిలిస్తే వాడిపోతుందని కడియం వారు అన్నారు కాబట్టి, దాని గింజలు తీసుకొని పెరటికి తూర్పు మూలన కొత్తగా వేసి, అవి నిలదొక్కుకున్న తరువాత పాత పొదను తీసివేయాలని అనుకుంటున్నాను. అప్పటివరకు నల్లబడే ముందే కాయలు కోస్తూ, చీమలను చూసుకుంటూ ఉంటాను. చిన్న సందేహం ఉంది. గింజలు ఇప్పుడే తీసి వచ్చే తొలకరి వరకు దాచవచ్చునా, లేక ఇప్పుడే విత్తాలా? కాయలు నల్లబడకముందు కోస్తే గింజ పక్వానికి వస్తుందా?

కడియం నర్సరీ పెంపకందారు

విత్తనం కోసం మాత్రం నాలుగైదు కాయలను నల్లబడేవరకు కొమ్మ మీదే ఉంచండి. అవి విచ్చుకొని రాలకుండా పలుచని గుడ్డ ముక్కను వదులుగా కట్టండి. మిగిలినవన్నీ పచ్చిగానే తీసివేయండి. పచ్చికాయలోని గింజ లేత రంగులో ఉంటుంది, ఎండబెడితే ముడుచుకుపోతుంది, మొలవదు.

దాచడానికి ఇబ్బంది లేదు. ఆ తోలే దానికి రక్షణ. గింజలను నీటిలో వేసి, పైకి తేలిన వాటిని పారవేయండి. రసం పీల్చే పురుగులు తిని డొల్ల చేసినవి అవే. మునిగిన వాటిని నీడలో రెండు రోజులు ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టి, తేమ తగలని చోట ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో కడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. శాండ్‌పేపరుతో రుద్దడం గాని వేడినీళ్లు పోయడం గాని విత్తే ముందు రోజే చేయాలి. రుద్దిన గింజను దాచితే చెడిపోతుంది. తూర్పు మూలన మధ్యాహ్నం వరకైనా ఎండ పడుతుందో లేదో ఒకసారి చూసి, పడితే జూన్‌లో మొదటి గట్టి వాన కురిసిన మరుసటి రోజు గుంటకు మూడేసి గింజలు వేయండి. మొలిచిన తరువాత బలమైన మొక్కను ఒకటి ఉంచి, మిగిలినవి తీసివేయండి.